పందొమ్మిదో ఎక్కం

నార్త్ యార్క్,
6 అక్టోబరు 2024, ఆదివారం.

పెద్దమ్మా,

ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నరకి కిరీటి అన్నయ్యని చూశాను.

ఈ వాక్యం ఇలా రాయొచ్చా అని అరగంట ఆలోచించాను. మెల్లగా చెప్పే దారి దొరకలేదు. ముందు కూర్చో. కూర్చుని మిగతాది చదువు.

నాతో గదిలో ఉండే యాళిని గురించి రాశాను కదా, స్కార్‌బరోలో పుట్టి పెరిగిన తమిళమ్మాయి. వాళ్ళ బాబాయి స్నేహితులు ఇక్కడే తీసిన తమిళ సినిమా ఒకటి ఉదయం ఆటగా వేస్తున్నారని నన్ను లాక్కెళ్ళింది. పేరు 'కడవుళ్ ఏరియ ఇడం'. దేవుడు ఎక్కిన చోటు అని అర్థమట. టొరంటోలో టాక్సీ నడిపే ఒక ముసలాయన ఉంటాడు. భార్య పోయినప్పటి నుంచి గుడి మొహం చూడడు. మంచు పడుతున్న ఒక ఉదయం ఎవరో వెనక సీట్లో ఎక్కి, నేను దేవుణ్ణి అంటాడు. ఎక్కడికి పోవాలి అని అడిగితే, ఎవరు చెయ్యెత్తితే అక్కడ ఆపు అంటాడు. అలా దారిలో ఒక్కొక్కరే ఎక్కి, ఆయన పక్కన కూర్చుని, చెప్పుకోవాల్సింది చెప్పుకుని దిగిపోతారు. హాల్లో ముప్పై మంది కూడా లేరు.

మూడోవాడు ఎక్కాడు. నారింజ రంగు వేస్టుకోటు, ఉన్ని టోపీ. ఎక్కుతూ భుజం మీది మంచుని ఎడమ చేత్తో దులుపుకున్నాడు. ఆ చెయ్యి చూశాకే మొహం చూశాను. అన్నయ్యే.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. వెనక ఎవరో "కూర్చో తంగచ్చీ" అన్నారు, చెల్లీ అని. యాళిని చెయ్యి పట్టి లాగింది. రెండు నిమిషాలు ఉన్నాడు. దేవుడి పక్కన కూర్చుని ఏదో చెప్పాడు. తరవాత దిగి, తలుపు వేసి, అద్దం మీద రెండుసార్లు తట్టాడు. గోడౌన్‌లో బండిని పంపించేటప్పుడు అలాగే తట్టేవాడు. చివర పేర్లు పడేటప్పుడు అతని పేరు కూడా ఉంది: కిరీటి, ఎటోబికో.

జనవరిలో నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ, "నేను సినిమాలో చేశానే, దేవుడి పక్కన వేషం" అన్నాడు. కోతలు కోస్తున్నాడనుకుని నవ్వాను. అతనూ నవ్వి ఊరుకున్నాడు. తరవాత రెండు నెలలే కదా ఉన్నాడు. మళ్ళీ అడగనేలేదు.

'దిగ్భ్రమ' అనే మాట నా నోటుబుక్కులో పోయిన నెలే రాసుకున్నాను. దాని బరువు ఇవాళ తెలిసింది.

నువ్వు మార్చిలో ఫోను తీగ పీకేసినప్పటి నుంచి మా అమ్మ రాజమండ్రిలో తిట్టుకుంటూనే ఉంది. నాకు మాత్రం నీకు ఉత్తరాలు రాయడం బాగుంటుంది. ఇది మాత్రం ఫోనులోనే చెప్పాల్సింది.

రోజూ కింద పోస్టు డబ్బా తెరిచి చూస్తుంటాను.
ధాత్రి


సర్రీ,
16 అక్టోబరు 2024.

ధాత్రికి,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఐదు రోజులు జవాబు రాయలేదు. మూడు రోజులు కోపంతో, రెండు రోజులు ఎందుకో తెలియకుండా.

పోయినవాణ్ణి చూశానని అలాగేనా రాసేది? కూర్చుని చదవమన్న మాట రెండో పేరాలో పెట్టావు. మొదటి వాక్యం గుమ్మం దగ్గర నిలబడే చదివాను, అక్కడే కూలబడ్డాను. పై వాటాలో ఉండే మా అంజనా పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ ముత్తాతలు ఫిజీలో చెరుకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆవిడ తెలుగు సగం హిందీ. "క్యా హువా దీదీ, పడినావా? కొడుకు కాగితం వచ్చినాదా?" అంది. కొడుకు కాగితం ఇంకెక్కడ నుంచి వస్తుంది! చలిలో నుంచి లోపలికి తీసుకెళ్ళి టీ పెట్టింది. ఆవిడ టీలో దాల్చినచెక్క వేస్తుంది. నాకు పడదు. తాగాను.

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని. ఇచ్చినదేమిటో, కావలసినదేమిటో విడివిడిగా రాసుకుంటేగాని నాకు ఏదీ అర్థం కాదు. కాబట్టి అడుగుతున్నాను. వాడికి తమిళం ఎక్కడిది? వాడు ఏమని చెప్పాడు? ఆ దేవుడి వేషం ఆయన ఏమన్నాడు? నువ్వు అనుకున్నది కాదు, విన్నది రాయి. మాటకి మాట. దిగ్భ్రమ నీ దగ్గరే ఉంచుకో.

మా ఇంట్లో పూజ అల్మారాకి మార్చి పన్నెండు నుంచి తాళం వేసి ఉంది. ఈ సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. అడుగుతావని ముందే రాస్తున్నాను.

ఇక్కడ పడమటి తీరంలో వర్షం మొదలైంది. వసంతం వరకు ఆగదు. నువ్వు కోటు కొనుక్కున్నావా? చలిలో పల్చటి శాలువా కప్పుకుని కాలేజీకి వెళ్తున్నావని మీ అమ్మ రాసింది.

హైమావతి


నార్త్ యార్క్,
23 అక్టోబరు 2024.

పెద్దమ్మా,

నీ కోపం నాకు తగినదే. ఇకపై కూర్చోమన్న మాట మొదటే రాస్తాను.

అడిగినవాటికి జవాబులు. ఎటోబికో గోడౌన్‌లో అన్నయ్యతో పనిచేసేవాళ్ళలో తమిళులు చాలామంది. మూడు నాలుగు మాటలు కాదు, బాగానే వచ్చేసిందనుకుంటాను. గొంతు మాత్రం సినిమాలో కొంచెం వేరుగా ఉంది. మైకు వల్ల కావచ్చు.

ఏమన్నాడో యాళినిని కూర్చోబెట్టుకుని రాసుకున్నాను. తమిళం వినడానికి గులకరాళ్ళ మీద నీళ్ళు పోతున్నట్టు ఉంటుంది. దాన్ని తెలుగులోకి తేవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. ఒక్కొక్క మాటకి మూడు నాలుగు మాటలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఇదిగో:

"స్వామీ, నువ్వు లేవని అన్నవాణ్ణి నేను. దారి తప్పి ఇంత దూరం వచ్చాను. నాకు ఏమీ వద్దు. ఈ మంచు ఆగితే చాలు, ఇల్లు చేరతాను. ఒక్క పని చెయ్యి. నిన్ను కలిశానని మా అమ్మకి చెప్పు."

దేవుడు ఏమీ అనడు. సినిమా మొత్తంలో ఆయన వింటాడే తప్ప మాట్లాడడు. అన్నయ్య చెప్పినదానికి తల ఊపుతాడు.

చదువుతుంటే నాకే ఏడుపు వచ్చింది పెద్దమ్మా. అన్నయ్యని దూరం నుంచి, ఒక భాష అవతల నుంచి విన్నట్టు ఉంది. నీ దగ్గర నేను వేసవి సెలవులకి వచ్చినప్పుడు మమ్మల్నిద్దరినీ వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేదానివి. నేను గడగడా అప్పజెప్పేసి మామిడికాయ ముక్క తీసుకుని పరిగెత్తేదాన్ని. అన్నయ్య సాయంత్రం దాకా అక్కడే ఉండేవాడు. అతనికి అంకెలూ రావు, మాటలూ ఎక్కువ రావు అనుకునేదాన్ని. ఆ మాటలు చూశాక అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

కోటు కొన్నాను. ముదురు ఆకుపచ్చ.

అల్మారా సంగతి అడగను.
ధాత్రి


సర్రీ,
3 నవంబరు 2024, ఆదివారం.

అమ్మా ధాత్రీ,

నువ్వు రాసిన ఆ ఆరు వాక్యాల కాగితాన్ని ఎన్నిసార్లు తెరిచానో లెక్క తప్పింది. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు.

నీకు చెప్పనిది ఒకటి ఉంది. మీ అమ్మకి కూడా తెలియదు.

మీ పెదనాన్న పోయిన రెండో ఏడు, ఆబ్దికం పెట్టడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాను. మినప్పప్పు నానబోశాను. కిరీటి నిద్ర లేచి వచ్చి, "అమ్మా, నేను చెయ్యను. నాకు నమ్మకం లేదు. నాన్న మీద కోపంతో కాదు. దేవుడు లేడమ్మా" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. వాడు గట్టిగా అని ఉంటే నేనూ అరిచేదాన్ని, అయిపోయేది. నేను కూడా నెమ్మదిగానే అన్నాను. "దేవుడు లేడన్న నోటితో నన్ను అమ్మా అని పిలవకు" అని.

వాడు పిలవలేదు ధాత్రీ. తరవాతి నెలలో టొరంటోలో పని దొరికిందని వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. వంటయిందా, హీటర్ పనిచేస్తోందా, మోకాలు ఎలా ఉంది అని అన్నీ అడిగేవాడు. అమ్మా అని మాత్రం ఒక్కసారీ అనలేదు. నేను వెనక్కి తీసుకోవాల్సింది. వచ్చే ఆదివారం తీసుకుందాం అనుకునేదాన్ని. పద్దెనిమిది నెలలు అలా అనుకున్నాను. మార్చిలో ఒక మంగళవారం పొద్దున్నే ఫోను మోగింది. గోడౌన్ దగ్గర ట్రెయిలర్ లారీ వెనక్కి వస్తుంటే మనిషి కనపడలేదన్నారు. ఆ తీగ ఎందుకు పీకేశానో ఇప్పుడు తెలిసింది కదా.

ఇప్పుడు నువ్వు రాశావు. దేవుణ్ణి కలిశాడట. అమ్మకి చెప్పమన్నాడట. తమిళంలోనూ అమ్మని అమ్మా అనే అంటారు కదా? అంజనాని అడిగితే అవునంది. అంటే ఆ మాట వాడు నోటితో అన్నాడు. వేషానికే కానీ, అన్నాడు.

మొన్న శుక్రవారం అల్మారా తాళం తీశాను. వెండి కుంది నల్లబడిపోయింది. చింతపండుతో తోమి దీపం పెట్టాను.

అంజనా ఊరుకోదు కదా. "దీదీ, నీ బాబు భగవాన్‌తో బాత్ చేసినాడు, అందరమూ చూడాలి" అని వాళ్ళ సంఘం హాలు అడిగేసింది. ఈ నెల ముప్పైన, శనివారం. సినిమావాళ్ళతో మాట్లాడి తెప్పిస్తోంది. వాళ్ళబ్బాయి శివ్నేష్ తెర కడతాడట. అరవై కుర్చీలు. నీ అనువాదం నేనే ముందు చదివి వినిపిస్తాను.

నీకు మాటలు వచ్చాయి. దేవుడిచ్చినవే అనుకో.

నీ ఆకుపచ్చ కోటు ఫోటో పంపించు.
పెద్దమ్మ


నార్త్ యార్క్,
13 నవంబరు 2024.

పెద్దమ్మా,

కూర్చుని చదువు.

ఆ సినిమా హాల్లో వెయ్యనివ్వకు. నా కాగితం ఎవరికీ చదవకు.

అన్నయ్యకి తమిళం రాదు. నేను మొదటి రోజే హాల్లో కనిపెట్టాను, అది అతని గొంతు కాదు. ఎవరో డబ్బింగ్ చెప్పారు. మైకు వల్ల అని రాసింది అబద్ధం. గోడౌన్‌లో నేర్చుకున్నాడని రాసింది కూడా అబద్ధం, నేను అప్పటికప్పుడు కల్పించింది.

తమిళంలో ఉన్నది ఇంతే: "స్వామీ, నాకు ఏమీ వద్దు. ఈ మంచు ఆగితే చాలు. ఇంటికి వెళ్ళి పడుకోవాలి." మిగతాదంతా నేను రాశాను. నువ్వు లేవని అన్నవాణ్ణి అన్నదీ నాదే. అమ్మకి చెప్పు అన్నదీ నాదే. ఎందుకు రాశానో చెప్పడానికి ఎంత ఆలోచించినా ఒకటే కారణం దొరుకుతోంది. ఆ మూడు వాక్యాలు మరీ చిన్నగా అనిపించాయి. నీకు పంపడానికి సరిపోవనిపించాయి. బాగుంటుందని కలిపాను. నీ ఇంట్లో జరిగింది నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కాదని చెప్పాలనుంది. అది కూడా నిజమో కాదో తెలియడం లేదు.

భాష రానివాళ్ళని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమంటారని యాళిని చెప్పింది. పెదాలు కదిలితే చాలట, తరవాత ఇంకొకరి గొంతు అతికిస్తారు. అన్నయ్య కూడా అలా ఏవో అంకెలు చెప్పి ఉంటాడు.

తిట్టు. కానీ ముప్పై లోపల ఈ ఉత్తరం నీకు చేరాలి.

ధాత్రి


సర్రీ,
1 డిసెంబరు 2024, ఆదివారం.

ధాత్రీ,

పోస్టువాళ్ళ సమ్మె రెండు వారాల నుంచి నడుస్తోంది. ఏ ఉత్తరమూ రాలేదు. శివ్నేష్ పని మీద టొరంటో వస్తున్నాడు, వాడి చేతికి ఇది ఇస్తున్నాను. వాడు తొమ్మిదో తేదీ మధ్యాహ్నం విమానానికి తిరిగి వస్తాడు. జవాబు ఉంటే వాడికే ఇవ్వు.

నిన్న సినిమా వేశారు.

అరవై కుర్చీలు నిండాయి. అంజనా పట్టుచీర కట్టుకుని మైకు పట్టుకుంది. "మా దీదీ కొడుకు దేవుడితో మనందరి గురించి చెప్పినాడు" అంది. మనందరి గురించి అని నువ్వు కూడా రాయలేదు. మాటలు చేతులు మారేకొద్దీ పెరుగుతాయి కాబోలు. తరవాత నీ కాగితం నేను చదివాను. తెలుగు సగం సగం తెలిసిన ముసలివాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

తెర కింద ఇంగ్లీషులో అర్థాలు పడతాయని నువ్వు చెప్పలేదు. నేను ఇంగ్లీషు మీడియంలో లెక్కలు చెప్పినదాన్నని మరిచిపోయావు. వాడు టాక్సీ ఎక్కాడు. ఎడమ చేత్తో మంచు దులుపుకున్నాడు. కింద అక్షరాలు పడ్డాయి. ఏమీ వద్దు, మంచు ఆగితే చాలు, వెళ్ళి పడుకోవాలి. అంతే. నీ కాగితం నా చేతిలోనే ఉంది. పోల్చి చూసుకున్నాను. అమ్మ లేదు.

పక్కన అంజనా నేను సంతోషం పట్టలేకపోతున్నాననుకుంది. "అరే శివ్నేష్, పీఛే కర్, దీదీ మళ్ళీ చూస్తది" అని కేకేసింది. వాడు వెనక్కి తిప్పాడు. రెండోసారి అక్షరాలు చదవలేదు, గొంతు వినలేదు. వాడి మొహం ఒక్కటే చూశాను.

ధాత్రీ, వాడు ఎక్కం చెప్తున్నాడు.

పందొమ్మిదోది. పందొమ్మిది అనాలంటే పెదాలు రెండుసార్లు మూసుకోవాలి. అద్దం ముందు నిలబడి అని చూడు. వాడి పెదాలు వరస వరసకీ అలా రెండుసార్లు మూసుకుంటున్నాయి. ఒళ్ళో చెయ్యి ఉంది. బొటనవేలు గణుపుల మీద జరుగుతోంది. చిటికెన వేలు మూడు గణుపులు, ఉంగరం వేలు మూడు గణుపులు. నడిమి వేలు మొదటి గణుపు మీద ఆగిపోయింది. ఏడ్ల దగ్గర. పందొమ్మిది ఏడ్లు నూట ముప్పై మూడు వాడికి ఎన్నడూ వచ్చేది కాదు. ఏడేళ్ళ వయసు నుంచి ఆ గణుపు మీదే ఆగేవాడు. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. వాడు మెడ నా వైపు తిప్పి, "అమ్మా, చెప్పు" అనేవాడు. చెప్పేదాన్ని. అక్కడి నుంచి పది దాకా వెళ్ళిపోయేవాడు.

సినిమాలో కూడా ఆగాడు. మెడ కిటికీ వైపు తిప్పాడు. ఇక మనకి వాడి టోపీ, చెవి, కొంచెం దవడ మాత్రమే కనిపిస్తాయి. దవడ ఒకసారి కదిలింది. వెంటనే దృశ్యం మారిపోయింది.

మూడోసారి కూడా వెయ్యమన్నాను. అక్కడ వాడు ఏమన్నాడో నాకు కనపడలేదు. అలవాటు కొద్దీ ఆ మాట అన్నాడేమో. నేను వద్దన్నానని ఆపుకున్నాడేమో. ఆవలించాడేమో కూడా. కావలసినది రాబట్టడానికి ఇచ్చినవి సరిపోవడం లేదు.

నువ్వు దయతో చేశావని అంజనా అంటోంది. నేను అలా అనను. కొత్త కత్తెర చేతికొచ్చిన పిల్ల ఇంట్లో కనపడిన గుడ్డనల్లా కత్తిరించినట్టు చేశావు. నెల రోజులు నీ అబద్ధానికి దీపం పెట్టాను. నిన్న రాత్రి నూనె అయిపోయి అదే ఆరిపోయింది. మళ్ళీ పొయ్యలేదు.

షూటింగు జరిగినప్పుడు అక్కడ పట్టిన అసలు శబ్దం ఎవరి దగ్గరైనా ఉందేమో కనుక్కో. ఉంటే, అందులో ఏముందో నాకు రాయకు. నువ్వు రాసింది ఇక నేను చదవలేను. నాకు వినిపించు.

హైమావతి


నార్త్ యార్క్,
8 డిసెంబరు 2024, ఆదివారం.

పెద్దమ్మా,

నవంబరు పదమూడున నీకు నిజం రాశాను. ఆ ఉత్తరం ఎక్కడో పోస్టు సంచిలో పడి ఉంది, సమ్మె అయ్యాక వస్తుంది. వచ్చినా అది నాకు సాక్ష్యం కాదు. అంజనా ఆంటీ నంబరు నా ఫోనులో ఉంది. వేసవిలో నువ్వే రాసి పంపావు. సమ్మె మొదలైందని తెలిశాక పదిహేను రోజులు ఆ నంబరు చూస్తూ కూర్చున్నాను. రాయడమైతే రాయగలిగాను. నా గొంతుతో చెప్పలేకపోయాను. పోస్టు ఆగింది, నేనేం చెయ్యను అనుకోవడం సులువుగా ఉంది.

క్షమించమని అడగను. ఆ మాట రాస్తే మళ్ళీ బాగా రాయాలనిపిస్తుంది.

శివ్నేష్ నీ ఉత్తరం బుధవారం ఇచ్చాడు. "మౌసీ మీ మీద చాలా గుస్సా" అన్నాడు. అద్దం ముందు నిలబడి పందొమ్మిది అన్నాను. రెండుసార్లు మూసుకున్నాయి.

యాళిని వాళ్ళ బాబాయి ద్వారా శబ్దం పట్టిన అబ్బాయిని కనుక్కున్నాను. పేరు ప్రజ్వల్, బెంగళూరువాడు, తెలుగు అర్థమవుతుంది. శుక్రవారం వెళ్ళి కలిశాను. అతను చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను, నేను ఏమీ కలపలేదు.

ఆ వేషం వెయ్యాల్సిన మనిషి మంచులో చిక్కుకుని రాలేదు. వాళ్ళు గోడౌన్ యార్డులో టాక్సీ పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. గేటు తీసిన మనిషి అన్నయ్య. డైరెక్టరు "నువ్వే చేస్తావా తంబీ" అని అడిగాడు. తమిళం రాదన్నాడు అన్నయ్య. పర్వాలేదు, రెండు నిమిషాలు పెదాలు కదలాలి అంతే, ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టు అన్నారు. అన్నయ్య కాస్త ఆలోచించి, "చిన్నప్పటి నుంచి చెప్తున్న లెక్క నాకు ఇంకోటి ఉంది" అన్నాడు.

ఆ అసలు శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటారట. అది ఇంకా ప్రజ్వల్ డిస్కులో ఉంది. కొత్త పనికి చోటు కావాలని రేపు ఉదయం ఎనిమిదిన్నరకి ఆ డిస్కు ఖాళీ చేస్తున్నాడు. నేను అడిగాను: "చివర్లో ఏమన్నాడో నీకు గుర్తుందా?" అతను తల అడ్డంగా ఊపాడు. "ఏదో లెక్క చెప్తున్నాడని హెడ్‌ఫోన్స్‌లో విని నవ్వుకున్నాం. చివర సరిగ్గా వైపర్ తిరిగింది. ఆ చప్పుడు కింద ఏమైనా ఉందో లేదో విని చూసుకోవాలి. ఏమీ లేకపోవచ్చు కూడా, ఆశ పెట్టుకోకండి" అన్నాడు. ఇది నీకు ముందే తెలియాలి. అందుకే రాశాను.

వెంటనే ఈమెయిల్‌లో పంపిస్తానన్నాడు. వద్దన్నాను. అది నా ఫోనులోకి వస్తే నేను వినకుండా ఉండలేను. విన్నాక, నీకు ఒక్క మాట రాయకుండా కూడా ఉండలేను. నా గురించి ఇప్పుడు నాకు ఇంతవరకు తెలుసు. చిన్న ప్లేయర్ ఒకటి కొన్నాను. ఒకటే మీట ఉంటుంది, నొక్కితే మోగుతుంది. అందులో ఆ రెండు నిమిషాలూ ఎక్కించమన్నాను. అతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎక్కిస్తాడు. నేను గుమ్మం బయట నిలబడతాను. అతనికి ఏమైనా వినపడినా నాకు చెప్పొద్దని మాట తీసుకున్నాను.

నువ్వు వింటే అన్నయ్య ఆగిన చోట నూట ముప్పై మూడు అని చెప్తావో, ఊరుకుంటావో, అక్కడ చప్పుడు తప్ప ఏమీ ఉండదో. ఏదైనా నాకు రాయక్కర్లేదు.

రేపు పొద్దున్నే ఆరింటికల్లా ఫించ్ స్టేషన్ దగ్గర 39 నంబరు బస్సు ఎక్కుతాను. ఏడున్నరకి ప్రజ్వల్ ఇంటి గుమ్మం దగ్గర ఉంటాను. ప్లేయర్ చేతికి రాగానే కవరులో పెట్టి, అక్కడే మెట్ల మీద అంటించేస్తాను. పదిన్నరకి ఎయిర్‌పోర్టులో శివ్నేష్‌కి ఇస్తాను. కవరు మీద నీ పేరు ఇప్పుడే రాశాను. జిగురు సీసా కోటు జేబులో ఉంది.

ధాత్రి